ఎవరూ ఎక్కని హాల్టు

ఈ నాలుగు ముక్కలూ ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. మొన్న ఆదివారం పేపరుతో పాటు వచ్చే పుస్తకంలో మా రైలుదారి మీద ఒక వ్యాసం పడింది. నరసాపురం నుంచి నిడదవోలు దాకా ఇప్పుడు రెండు లైన్లయ్యాయనీ, కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయనీ, ఏ స్టేషను దగ్గర ఏం బాగుంటుందో అదీ ఇదీ, చదవడానికి బాగానే ఉంది. చివర్లో ఒక చిన్న ఫోటో వేశారు. గడ్డిలో ఒక పక్కకి ఒరిగిపోయిన పసుపుపచ్చ బోర్డు, దాని మీద మూడు భాషల్లో మా ఊరి పేరు, వెదుళ్లకోడు. దాని కింద, ఇక్కడ ఒకప్పుడు హాల్టు ఉండేదనీ, బండి ఆగినా ఎవరూ ఎక్కేవారు కాదనీ, అందుకే మూతపడిందటనీ రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో మాత్రం రాయలేదు.

ఆ పేజీ నాకంటే ముందు చూసింది మా చెల్లెలు. తణుకులో మా ఇద్దరి ఇళ్లూ పక్కపక్క వీధుల్లోనే. పొద్దున్న కాఫీకని వెళితే, ఆ పేజీ నాలుగు మడతలు పడి వంటింటి గట్టు మీద నూనె సీసా కింద ఉంది. సీసా పక్కకి జరిపి, నూనె మరకలోంచి చదివాను. తను ఒక్క మాట అనలేదు, పాలు పొంగకుండా చూసుకుంటూ అటు తిరిగి నుంచుంది. ఏదైనా అని ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో గాని, తను ఊరుకోవడం చూసి నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు కాబట్టి ఈ రాతలో ఎక్కడైనా మాట పరుషంగా పడితే చదివేవాళ్లు సర్దుకోవాలి.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. తణుకులో ఒక బట్టల కొట్లో చీరలు విప్పి చూపించి మళ్లీ మడతలు పెట్టే పని. మధ్యాహ్నం భోజనానికి వదిలినప్పుడు క్యారేజీ గబగబా ఖాళీ చేసి, మిగిలిన సమయమంతా వెనక వీధిలో ఉన్న లైబ్రరీలో గడిపేదాన్ని. కాలవల చరిత్ర, రైళ్ల చరిత్ర, రాజుల చరిత్ర, మొక్కల జబ్బులు, ఏది చేతికి దొరికితే అది, బీరువా తరవాత బీరువా చదివాను. ధవళేశ్వరం దగ్గర ఆనకట్టతో ఎత్తుకి తెచ్చిన నీళ్లు సముద్రం దాకా పల్లం చూసుకుని ఎలా నడిచి వెళతాయో నాకు తెలుసు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న చదువుకి ఆమాత్రం గొప్ప ఉండాలి. ఆ చదువు వల్లే ఇంకో సంగతీ తెలిసింది. అచ్చులో పడిన మాట, తప్పైనా ఒప్పైనా, వేరు తన్నుకుంటుంది. ఎప్పుడో మనం లేనప్పుడు ఎవరో లైబ్రరీలో కూర్చుని మా ఊరి గురించి వెతికితే ఆ రెండు ముక్కలే దొరుకుతాయి. వాటి పక్కన ఇదీ ఉండాలి.

మా తరం వాళ్లకి ఆ ప్యాసింజరు గుర్తుండే ఉంటుంది. బొగ్గింజన్ల రోజులు వెళ్లిపోయి డీజిలు ఇంజన్లు అలవాటైన కాలం. మా పిన్నిది పాలకొల్లు కాబట్టి ఆ దారంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లు దారపుండలు ఒళ్లో పెట్టుకుని ఎక్కేవారు, బండి ఎంత కుదిపినా వాళ్ల వేళ్లు ఆగేవి కావు. పాలకొల్లులో కొబ్బరికాయల బస్తాలూ, క్షీరారామం గుడికి వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల విభూది వాసనా ఎక్కేవి. భీమవరంలో చేపల బుట్టలు ఎక్కితే, కరిగిన ఐసు నీళ్లు పెట్టె అంతా పారేవి, అందరం ఒక్కసారే కాళ్లు సీటు మీదికి ఎత్తుకునేవాళ్లం. అత్తిలి దగ్గర రైసుమిల్లుల ఊక వాసన. ఆ తరవాత మేం. మా తరవాత రేలంగి, తణుకు, కాల్దరి, నిడదవోలు. నిడదవోలులో మెయిను లైను బండ్లన్నిటికీ దారి ఇచ్చి మా బండి, పెళ్లిలో పంక్తి లేవాక గాని విస్తరి దొరకని బీద చుట్టంలాగా, ఒక పక్కన నుంచునేది. దాని వంతు వచ్చాక కొవ్వూరు మీదుగా గోదావరి దాటి రాజమండ్రి చేరేది. కళ్లకి గంతలు కట్టి కూర్చోబెట్టినా, వాసన బట్టి ఏ స్టేషను వచ్చిందో చెప్పగలిగేదాన్ని.

మా హాల్టంటే పెద్ద భవంతేం కాదు. నాలుగు స్తంభాల మీద రేకుల షెడ్డు, సిమెంటు బల్ల, ఆ బోర్డు, ఒక బాదంచెట్టు. స్టేషను మాస్టరు ఉండడు. మా నాన్నకి తమ్ముడి వరసయ్యే బాబాయి రేకు పెట్టెలో అట్టముక్క టిక్కెట్లు పెట్టుకుని కమీషను మీద అమ్మేవాడు. ప్లాట్‌ఫారం లేదు, నేల మీంచే ఎక్కాలి, బండి మెట్టేమో నడుమెత్తున ఉండేది. అందుకని మాకొక పద్ధతి ఉండేది. ముందు ఎక్కినవాళ్లు లోపలికి పోయి సీటు వెతుక్కోకూడదు. గుమ్మంలో నుంచుని వెనకవాళ్లకి చెయ్యి ఇవ్వాలి, ఆ ఎక్కినవాళ్లు వాళ్ల వెనకవాళ్లకి. పైస్టేషన్ల నుంచి వచ్చే ఆడవాళ్లకి కూడా ఇది అలవాటైపోయి, మా షెడ్డు కనపడగానే ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపేవారు. ఎవరి పేరూ అడిగిన పాపాన పోలేదు గాని, గాజుల్ని బట్టి ఏ చెయ్యి ఎవరిదో తెలిసేది.

మా చెల్లెలు ఇంటరు పాసై తణుకులో డిగ్రీ చేరతానన్నప్పుడు మా నాన్న చాలా రోజులు అవునని గాని కాదని గాని అనలేదు. ఆయన కౌలు రైతు, ఆడపిల్ల చదువంటే విరోధమేమీ లేదు, దారంటేనే భయం. మా ఊరికి బస్సు లేదు. రోడ్డెక్కాలంటే కాలవ గట్టు పట్టుకుని చాలా దూరం నడవాలి. చివరికి ఆయన ఒప్పుకున్నది మమ్మల్ని చూసి కాదు, బండిని చూసి. ఆడవాళ్ల పెట్టెలో ఊరి ఆడవాళ్ల మధ్యే వెళుతుంది, వాళ్ల మధ్యే వస్తుంది. "బండి ఆగినన్నాళ్లూ చదువుకో. బండి మానేసిన రోజున మాత్రం నన్నడక్కు" అన్నాడు. మేమిద్దరం పెరట్లోకి వెళ్లి నవ్వుకున్నాం, బండి మానెయ్యడమేంటి, రేపట్నుంచి పొద్దు పొడవకపోతే అన్నట్టుంది అని.

తనది కెమిస్ట్రీ. బండిలో మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఆకుకూరల బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని మాకు ఎదురుగా కూర్చునేది. "ఏమే సైన్సూ, ఇత్తడి బిందె ఇంత పొగరు చేసి, చింతపండుకే ఎందుకు లొంగుద్దే?" అని అడిగేది. చెల్లెలు చెబుతుంటే లేసు అల్లేవాళ్లు కూడా సూది ఆపి వినేవారు. చెప్పడం ఎంత బాగా వచ్చో తనకి. టీచరు అవుతుందని ఆ పెట్టెలో అందరూ తేల్చేశారు, తను కూడా లోపల తేల్చేసుకుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. బాబాయి దగ్గర అట్టముక్క టిక్కెట్లే గాని నెలపాసులు ఉండవు. పాసులిచ్చేది తణుకు కౌంటర్లో, అక్కడేమో మా హాల్టు పేరు మీద ఇవ్వరు, మాకు ఒక స్టేషను అవతల ఉన్న అత్తిలి పేరు మీద ఇచ్చేవారు. తణుకులో కొట్లలో, మిల్లుల్లో, ఆస్పత్రిలో పనిచేసే మేమందరం అత్తిలి పాసులతోనే వెదుళ్లకోడులో ఎక్కేవాళ్లం. తప్పేమీ కాదది, ఎక్కువ దూరానికి డబ్బు కట్టి తక్కువ దూరం వెళుతున్నాం. కాని దాని ఫలితం ఏంటంటే, కాగితాల మీద మేమంతా అత్తిలి మనుషులం అయిపోయాం.

ఒక వర్షాకాలం ముందు బాబాయి సాయంత్రం పూట ఇంటింటికీ తిరిగి చెప్పాడు, సోమవారం నుంచి వారం పాటు మన షెడ్డులో పై ఆఫీసు మనుషులు అట్టలు పట్టుకుని నుంచుంటారట, జాగ్రత్త అని. ఎందుకు నుంచుంటారో ఆయనకీ తెలీదు, చెకింగే అనుకున్నాడు పాపం. మంచికే చెప్పాడు. ఆ మాటతో ఊరంతా కంగారు పడింది. పాసు మీద అత్తిలి అని ఉంటే ఇక్కడ ఎందుకెక్కారని పట్టుకుంటారేమోనని, ఆ వారమంతా చీకటితోనే లేచి గట్టు మీద అత్తిలి నడిచి వెళ్లి అక్కడ ఎక్కాలని తీర్మానించేశారు.

నేను లైబ్రరీలో చదివినదంతా కూడగట్టుకుని చెప్పాను, మధ్యలో ఎక్కడ ఎక్కినా నేరం కాదని. పెద్దమ్మ వినిపించుకోలేదు. "పెళ్లి పిలుపు ఒకింటి నుంచి వస్తే, భోజనానికి ఇంకో ఇంట్లో కూర్చుంటామేంటే?" అంది. మా నాన్నయితే ఇంకో మెట్టు ఎక్కాడు. "నీ లైబ్రరీ పుస్తకంలో రూలు వేరు, టీసీ చేతిలో పుస్తకం వేరు. పదిమందితో పాటు నడిచి చావండి" అన్నాడు. మేం నడవలేదు. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది, రోజూ లాగే షెడ్డుకి వెళ్లాం.

షెడ్డులో ఒకాయన క్లిప్పు ఉన్న అట్ట ఒళ్లో పెట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. మర్యాదస్తుడే.

"ఈ ఊరికి మీరిద్దరేనాండీ?" అన్నాడు.

"మీకు భయపడి అందరూ అత్తిలి నడిచిపోయారండి. బండి రానివ్వండి, లోపల కూర్చున్నవాళ్లలో సగం మావాళ్లే" అన్నాను.

"భయమెందుకండీ, మేమేం చేస్తాం. ఎంతమంది ఎక్కుతున్నారో రాసుకోవడమే."

"అయితే వాళ్లనీ రాసుకోండి."

"ఇక్కడ ఎక్కినవాళ్లనే రాసుకోమన్నారండి. నడిచెళ్లినవాళ్లకి ఇందులో గడి లేదు."

అప్పుడు మా చెల్లెలు సంచి తీసి చూస్తూ, "గడి లేకపోతే గియ్యండి, స్కేలు నా దగ్గరుంది" అంది. ఆయన నవ్వేశాడు. మేము నవ్వలేదు. అంతలో బండి వచ్చింది. కిటికీల్లో మా ఊరి ఆడవాళ్లు, తలల మీదికి కొంగులు లాక్కుని, మమ్మల్ని ఎరగనట్టు అటు తిరిగి కూర్చున్నారు. పెద్దమ్మ మాత్రం మొహం పక్కకి తిప్పుకునే గుమ్మంలోంచి మాకు చెయ్యి ఇచ్చింది.

ఆ సాయంత్రం నేను వీధి వీధికీ వెళ్లి, అది చెకింగు కాదు, లెక్క, మనం కనపడకపోతే మనకే నష్టం అని చెప్పాను. "పట్టుకునేవాడు పట్టుకుంటానని చెబుతాడేంటే వెర్రిదానా, అది వాళ్ల ఎత్తు" అన్నారు. వారమంతా నడిచారు. ఆ వారమంతా ఆయన అట్ట మీద మేమిద్దరమే పడ్డాం. మావాళ్ల మీద నాకు అప్పుడు కోపమే గాని ఇప్పుడు లేదు. పేదవాడు తప్పు చెయ్యకపోయినా ముందు తనే పక్కకి తప్పుకుంటాడు, అది వాడికి తరతరాలుగా నేర్పిన మర్యాద. నా కోపమంతా, కళ్ల ముందు బండి నిండా మనుషుల్ని పెట్టుకుని, కారణం చెవిన పడ్డాక కూడా కాకిలెక్క కట్టుకుని పోయినవాళ్ల మీద.

చెల్లెలు చివరి సంవత్సరంలోకి వచ్చిన కొన్నాళ్లకి షెడ్డు స్తంభానికి ఒక కాగితం అంటించారు, ఫలానా రోజు నుంచి ఇక్కడ బండి ఆగదని. చదివినా ఎవరూ నమ్మలేదు. డ్రైవరుకి మనం తెలియమా ఏంటి, చూస్తే ఆపకుండా ఎలా పోతాడని, ఆ రోజు కూడా అందరం బుట్టలతో, క్యారేజీలతో షెడ్డు ముందు వరసగా నుంచున్నాం. బండి కూత వేసింది గాని జోరు తగ్గలేదు. ఆడవాళ్ల పెట్టె గుమ్మంలో, అత్తిలికి ముందు స్టేషను మంచిలి వైపు నుంచి రోజూ వచ్చే ఆవిడ, ఎర్ర గాజుల చెయ్యి, అలవాటు కొద్దీ బయటికి చాపి నుంచుని ఉంది. ఆ చెయ్యి చూసి మా చెల్లెలు కూడా అలవాటు కొద్దీ తన చెయ్యి పైకెత్తింది. రెండు చేతులూ అలాగే ఉన్నాయి, పెట్టె వెళ్లిపోయింది.

నేను ఊరుకోలేదు. అర్జీ రాశాను, సంతకాలూ వేలిముద్రలూ పెట్టించాను, బాబాయిని వెంటబెట్టుకుని చాలా దూరంలో ఉన్న పై ఆఫీసుకి వెళ్లాను. అక్కడ ఒక పెద్దమనిషి మంచినీళ్లు ఇప్పించి మరీ, "మనుషులున్నారని మీరంటున్నారు, లేరని మా దగ్గరుంది" అన్నాడు. ఒక్కసారి వచ్చి చూడండని అడిగాను. "చూసే కదమ్మా రాసింది" అన్నాడు. తిరిగొచ్చి మా ఊరి ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లాను, మాకు మావయ్య వరస. ఆయన అప్పుడే కారు కొన్నాడు. "రోడ్డు శాంక్షనవుతోంది, ఆటోలొస్తాయి, ఈ రోజుల్లో ప్యాసింజరు కోసం ఏడుస్తారేంటమ్మా?" అన్నాడు. రోడ్డు వచ్చింది, నిజమే, మా చెల్లెలి పెళ్లయ్యి పిల్ల పుట్టాక వచ్చింది.

మా డెల్టాలో నీళ్లు వదిలినప్పుడు కాలవల మీద కాపలా ఉండే లస్కరు సైకిలేసుకుని శివారు బోదె, అంటే చిట్టచివరి పిల్లకాలవ దాకా వచ్చి చూసేవాడు, చివరి చేను తడిసిందా లేదా అని. శివారు రైతు నీళ్లందక పక్క చేలోంచి తోడుకుంటే, వీడికి నీళ్లక్కర్లేదని ఎవరూ రాసుకోలేదు. నీళ్లకున్న ఆ న్యాయం రైలుకి ఎందుకు లేదో నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

చెల్లెలు వెంటనే మానలేదు. మా నాన్న ఆ రోజు అన్న మాట గుర్తుచేస్తే, బండి అత్తిల్లో ఆగుతోంది కదా నాన్నా అంది. కొన్నాళ్లు నాతో పాటు గట్టు మీద అత్తిలి నడిచింది. వానలకి గట్టు బురదై, చెప్పులు చేత్తో పట్టుకుని, పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని నడిచాం. ఒకరోజు కాలవ లాకుల దగ్గర చేరే పనీపాటా లేని మగవాళ్లు ఏదో కూశారు. మేం విననట్టే వచ్చేశాం, కాని మేం ఇల్లు చేరేలోపే ఆ మాట టీ కొట్టు మీదుగా మా నాన్న చెవికి చేరింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటూ, "నేను ముందే చెప్పాను కదమ్మా" అన్నాడు. అంతే. ప్రైవేటుగా కట్టే చదువు కాదది, ప్రాక్టికల్సుకి కాలేజీలో ఉండాలి. నేను కొట్లో పని కాబట్టి నడుస్తూనే ఉన్నాను, నా సంపాదన ఇంటికి కావాలి గనక నన్నెవరూ ఆపలేదు. తనని ఆపేశారు.

ఇప్పుడు తను ఆ కాలేజీకి నడిచి వెళ్లేంత దగ్గర్లో కాపురం ఉంటోంది. వీధిలో పిల్లలకి పరీక్షలప్పుడు వరండాలో కెమిస్ట్రీ చెబుతుంది, చింతపండుతోనే మొదలుపెడుతుంది. పిల్లలు ఆంటీ అంటారు. టీచరు గారూ అనాల్సిన పిల్లలు ఆంటీ అంటుంటే నాకు చెవుల్లో సీసం పోసినట్టుంటుంది, తను మాత్రం నవ్వుతుంది.

కిందటి నెల పిన్ని వాళ్లింటి నుంచి బండిలో వస్తూ కిటికీ దగ్గర కూర్చున్నాను. బండి చాలా శుభ్రంగా ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరి చేతిలో వాళ్ల ఫోను, ఎవరి చెవుల్లో వాళ్ల పాట. ఊక వాసన కూడా రాలేదు. మా ఊరు వచ్చే ముందు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను. షెడ్డు లేదు, బాదంచెట్టు రెండో లైనుకి పోయింది, బోర్డు ఒక్కటే గడ్డిలో కనపడి కనపడకుండా పోయింది. ఈ దారి ఎంత బాగుపడిందో కాదనను. బాగుపడ్డ దారిలో మేం లేకపోవడమే నాకు మింగుడు పడని సంగతి. లేకపోవడం వేరు, అసలు ఎప్పుడూ లేరని చెప్పడం వేరు. మొదటిదానికి ఏడిస్తే తీరుతుంది, రెండోదానికి రాయాలి.

ఇంతవరకు అందరినీ వరసలతోనే చెప్పాను, మనవాళ్లకి అదే అలవాటు. కాని ఎవరూ ఎక్కలేదని అచ్చు వేశారు కాబట్టి, ఈ రాతకి సాయం చేసినవాళ్లకి పేర్లు పెట్టే కృతజ్ఞత చెప్పుకుంటాను. వెంకాయమ్మ పెద్దమ్మ మంచం మీంచి లేవలేకపోయినా, ఏ స్టేషనులో ఎవరు ఎక్కేవారో వేళ్లు మడిచి చెప్పింది. ఆ వారం ఎందుకు అలా హెచ్చరించానా అని ఇప్పటికీ బాధపడే బుల్లెబ్బాయి బాబాయి, తన మాట కూడా దాచకుండా రాయమన్నాడు. ఆస్పత్రిలో ఆయాగా చేసిన నాగమణి వదిన, మిల్లుకి వెళ్లిన సత్యవతి అత్త, ఇద్దరూ గట్టు మీద నడిచిన సంగతి ఒప్పుకున్నారు. లైబ్రరీ మూసే వేళ దాటినా నా కోసం తలుపు వెయ్యకుండా కూర్చున్న అన్నపూర్ణ గారు. ఎర్ర గాజుల చెయ్యి మంగతాయారు గారిది, ఆ పేరు కనుక్కోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. చివరగా మా చెల్లెలు వరలక్ష్మి. ఈ కాగితాలు అందరికంటే ముందు తనే చదివింది. చదివి, మడతలు పెట్టకుండా, నూనె సీసాకి దూరంగా తన కెమిస్ట్రీ పుస్తకాల మధ్య పెట్టుకుంది.